సంతకానికో మొగుడు

యేసుబాబుకు రక్తం పోవడం మొదలై ఆ పొద్దుటికి పదిహేడు రోజులు. మొదటి షిఫ్టు లాంపురూం కిటికీలో నిలబడి, గనిలోకి దిగేవాళ్లకు ఒక్కొక్కరికీ తలదీపం అందిస్తూ, ఏ క్షణాన బట్టలు తడిసి బయటపడుతుందోనని ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నాడు. నల్ల ప్యాంటు, దాని కింద ఇంకో నల్ల ప్యాంటు. గోదావరిఖని ఎండాకాలంలో రెండు ప్యాంట్లు తొడుక్కుని డ్యూటీ చేసే మనిషిని ఎవరైనా చూశారా? చూసే ఉంటారు, కారణం తెలిసి ఉండదు.

అవును, యేసుబాబుకే. ఆశ్చర్యపోవాల్సిన పనేం లేదు. అతని గుర్తింపు కార్డులో సారిక అని ఉంటుంది, యోనా కూతురు అని ఉంటుంది. పుట్టిన రోజు మంత్రసాని చూసి చెప్పిన మాట ఇప్పటికీ కంపెనీ కాగితాల్లో నడుస్తోంది. ఊహ తెలిసినప్పటి నుంచీ అతను మగపిల్లవాడే. తండ్రి యోనా ఆ సంగతి ఎన్నడూ నోటితో ఒప్పుకోలేదు గానీ, సైకిలు ముందు కూర్చోబెట్టుకుని మార్కెట్‌కు తీసుకుపోతూ "బాబూ, గట్టిగ పట్టుకో" అనేవాడు. ఆ పిలుపే చాలు, బతుకంతా దాని మీదే గడిపేయొచ్చు.

యోనా సర్వీసులో ఉండగానే గుండె ఆగి పోయాడు. కొడుకులు లేరు. కూతురికైనా ఉద్యోగం ఇస్తామంటే ఇరవై యేళ్ల సారికకు ఆ నౌకరీ వచ్చింది, పదకొండేళ్లుగా యేసుబాబు దాన్ని చేస్తున్నాడు. పేరు మార్చమని అడిగితే ఉద్యోగం పోతుందని ఎవరూ అనలేదు. పోదని కూడా ఎవరూ అనలేదు. సెంటినరీ కాలనీలో క్వార్టరు, తల్లి సువార్త మందులు, రెండు పూటల అన్నం, అన్నీ ఆ కూతురి పేరు మీదే ఉన్నాయి. అందుకే నోరు మూసుకున్నాడు.

కిటికీ దగ్గర మాత్రం అతను బాబన్న. కత్తిరించిన జుట్టు, బొంగురు గొంతు, ఛాతీ చుట్టూ విరిగిన చేతికి కట్టే సాగుడు పట్టీ బిగించి పైన చొక్కా. తెలిసినవాళ్లు తెలియనట్టే ఉండేవాళ్లు. గనిలోకి దిగేవాడికి తన దీపం ఎనిమిది గంటలు వెలుగుతుందా లేదా అన్నదే ఫికర్, ఇచ్చిన చెయ్యి ఎవరిదైతేనేం? "బాబన్నా, నా లాంపు" అని పిలిచే ఆ కిటికీ తప్ప అతనికి ఈ భూమ్మీద ఇంకో చోటు లేదు. దేవుడు ఒక్క కోరిక కోరుకోమంటే, ఈ రక్తం ఆగాలి, నేను ఆ కిటికీలో ఉండాలి, ఇంకేం వద్దు అనేవాడు.

మరి దవాఖానకు పోవచ్చు కదా? నోరుంది కాబట్టి ఎవరైనా అంటారు. నాలుగేళ్ల కింద పోయాడు. కంపెనీ దవాఖాన ఆడవాళ్ల ఓపీ వరసలో నిలబడితే ఆయమ్మ వచ్చి, "మగోళ్లు గీడ నిలవడొద్దు, సిగ్గు లేదా" అని బయటికి పంపింది. రెండు నిమిషాలకు లోపల్నుంచి "సారికా" అని కేక. అతను మళ్లీ లోపలికి నడిచాడు. బెంచీల మీది ఆడవాళ్లంతా తలలు తిప్పారు. వాళ్లలో సగం మంది మొగుళ్లకు రోజూ దీపాలిచ్చేది అతనే. డాక్టర్ గది గుమ్మం దాకా పోయి, అక్కణ్నుంచే వెనక్కి తిరిగి బస్టాండ్ దాకా ఆగకుండా నడిచాడు. ఆ తర్వాత నొప్పికి మెడికల్ షాపు గోలీలే గతి అయ్యాయి.

పదిహేడో రోజు గోలీలు పనిచేయలేదు. నూట పన్నెండో నంబరు దీపం అందిస్తూ అందిస్తూ యేసుబాబు దానితోపాటే పడిపోయాడు.

ఎత్తుకుపోయింది ఉపేందర్. గనిలో బొగ్గు టబ్బులు లాగే హాలర్ ఇంజను నడుపుతాడు, ముప్పై మూడేళ్లు, పెళ్లి కాలేదు. కాలేదు కాదు, చేసుకోడు. అతని మనసు మగవాళ్ల మీదికే పోతుంది. ఆ సంగతి ఈ బొగ్గు గడ్డ మీద యేసుబాబుకు ఒక్కడికే తెలుసు, యేసుబాబు సంగతంతా ఉపేందర్‌కు తెలుసు. ఒకరి గుట్టు ఒకరి చేతిలో పెట్టుకుని పదేళ్లుగా చాయ్ తాగుతున్న దోస్తులు.

దవాఖానలో రెండు సీసాల రక్తం ఎక్కించారు, స్కానింగు తీశారు. ఆడవాళ్ల డాక్టర్ సంధ్యారాణి మంచం దగ్గరికి వచ్చింది. మనిషిని చూసింది, కార్డు చూసింది, మళ్లీ మనిషిని చూసింది. నోరు జారకపోవడమే ఆమె మంచితనం.

"గర్భసంచి నిండా గడ్డలున్నాయి. ఐదో నెల కడుపంత పెరిగింది. ఒంట్లో రక్తం సగం కూడా లేదు. ఇంకోసారి ఇట్లా పోతే ప్రాణం మీదికొస్తుంది. తీసెయ్యాలి."

"తీసెయ్యుండ్రి మేడం," అన్నాడు యేసుబాబు. అతని జీవితంలో ఇంత జల్దీగా ఏ మాటకూ ఒప్పుకోలేదు.

"పెళ్లయిందా?"

"కాలే. కాదు గూడ. నేను ఆడదాన్ని గాను మేడం."

ఆమె కలం మూత పెట్టింది. "అర్థమయింది. నాకేం అభ్యంతరం లేదు. చట్టం ప్రకారం నీ సంతకం చాలు కూడా. కానీ పోయినేడు ఒక పెళ్లికాని పిల్లకు తీసేస్తే ఇంటివాళ్లు యాభై మందితో వచ్చి గదిలో కుర్చీలు విరగ్గొట్టారు. అప్పట్నుంచి మా పెద్ద డాక్టరు ఇంటివాళ్ల సంతకం లేకుండా కత్తి పట్టుకోనివ్వడు. మీ అమ్మను తీసుకురా."

సువార్త వచ్చింది. విన్నది. పెట్టనంది.

ఈ సువార్తకు గర్భసంచి ఉందా? లేదు. ఇరవై ఎనిమిదో యేటనే నడుము నొప్పి అని ప్రైవేటు దవాఖానకు పోతే తీసి పంపించారు. కాలనీలో ఆ వరస క్వార్టర్లలో ముప్పై ఐదు దాటిన ఆడవాళ్లను అడిగితే ఉందన్నవాళ్లకంటే తీసేశారన్నవాళ్లే ఎక్కువ. తెల్లబట్ట అని పోతే తీశారు, కడుపునొప్పి అని పోతే తీశారు, పన్ను పీకినంత తేలికగా తీశారు. అక్కర్లేనివాళ్లకు అంత సులువైనది, ప్రాణం మీదికి వచ్చినవాడికి దొరకడం లేదు. ఒళ్లు మండదా మరి?

"నీది తీసిన్నాడు ఎవరన్న ఏడ్చిండ్రా అవ్వా?"

"నాకప్పటికి నువ్వు పుట్టినవ్. నా పని ఒడిసింది."

"నాకా పనే లేదు గదనే."

"ఉంటది." సువార్త మంచం కోడు పట్టుకుని కూర్చుంది. "ఎప్పటికన్న నీ బుద్ధి మారుతదని దేవుని ముందర పదిహేనేండ్ల సంది మోకాళ్లూనుతున్న. అది గూడ తీసేస్తే ఇంక నువ్వు ఎన్నడు ఆడపిల్లవు గావు. నా చేత్తోని నేను ఎట్ల సంతకం పెట్టాలె బిడ్డా?"

"రక్తం పోయి సస్తనే!"

"సావవు. దేవుడు సంపడు. గోలీలిస్తరట, ఏసుకో."

యేసుబాబు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తన కడుపులో ఉన్నదాని మీద తనకు తప్ప అందరికీ హక్కుందని అర్థమై, దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. తల్లి రెండు చపాతీలు డబ్బాలో పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం ఉపేందర్ వచ్చి అంతా విన్నాడు. కాసేపు గోళ్లు కొరుక్కున్నాడు.

"మీ అవ్వది తీసిన్నాడు సంతకం ఎవలు పెట్టిండ్రు?"

"మా నాయన."

"గంతే గదరా. మొగని సంతకం చాలు. నేను పెడ్త."

"నీకేమన్న పిస లేసిందా?"

"రిజిస్టర్ పెండ్లి చేసుకున్నం, రెండిండ్లల్ల తెల్వదు, గందుకే దాసినం అని చెప్త మేడంకు. కులం వేరు, దేవుడు వేరు, ఎవలైనా నమ్ముతరు. ఆపరేషనైనంక ఎవని దారి వాడిది. ఎవలకు తెలుస్తది?"

ఎవరికి తెలుస్తుంది? బొగ్గు గనుల ఊళ్లో పుట్టి పెరిగిన ఇద్దరు మనుషులు ఆ మాట అనుకున్నారంటే, ఇక ఏం చెప్పాలి! ఇక్కడ ఒకడు కొత్త చెప్పులు కొంటే పక్క గనిలో చెప్పుకుంటారు.

డాక్టర్ సంధ్యారాణి నమ్మిందో, నమ్మినట్టు చేసిందో తెలియదు. "అయితే మెడికల్ బుక్కులో నీ భర్త పేరు ఎక్కించుకుని రా. పేరుంటే చాలు, రేపే పెడతాను," అంది. మెడికల్ బుక్కు అంటే కంపెనీ ఉద్యోగి ఇంట్లో ఎవరెవరికి వైద్యం చేయాలో రాసి ఉండే చిన్న పుస్తకం. అందులో ఒక పేరు ఎక్కాలంటే గని ఆఫీసులో గుమస్తా రఘుపతి దగ్గరికి పోవాలి.

రఘుపతి మంచివాడు. ఎంత మంచివాడంటే, రిజిస్టర్ కాగితం తర్వాత ఇవ్వండి, ఇప్పటికి ఒక దరఖాస్తు, ఒక పెళ్లి ఫోటో చాలన్నాడు. ప్రాణం మీదికొచ్చిన పని అని విని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.

ఫోటో చౌరస్తా స్టూడియోలో పది నిమిషాల్లో అయిపోయింది. ఉపేందర్ తన తల్లి సమ్మవ్వ పెట్టెలోంచి ఎర్రంచు పచ్చ చీర ఎత్తుకొచ్చాడు. బంతిపూల దండలు రెండు. పదిహేనో యేటి తర్వాత యేసుబాబు ఒంటి మీద చీర పడటం అదే. కట్టుకోవడం రాక ప్యాంటు మీదే చుట్టుకున్నాడు. ఫోటోగ్రాఫరు, "కొంగు తల మీదికెళ్లి కప్పుకో అక్కా, జుట్టు కనవడుతుంది" అని సర్దాడు. అద్దంలో చూడకుండా కళ్లు దించుకున్నాడు. అతను సిగ్గుపడుతున్నాడని ఫోటోగ్రాఫరు మురిసిపోయాడు. బయటికి వచ్చి మురుగు కాలువ పక్కన వాంతి చేసుకుంటే ఉపేందర్ వీపు రాశాడు. "ఒక్కసారే గదరా. ఓర్సుకో."

తెల్లారి బుక్కులో పేరెక్కింది. ఆపరేషన్ కాగితం మీద ఉపేందర్ సంతకం పెట్టాడు. భర్త అని రాసి ఉన్న గీత మీద, చక్కగా, గుండ్రంగా. మత్తుమందు ఎక్కుతుంటే యేసుబాబు నవ్వుకున్నాడు. పన్నెండో యేట మొదలైన శని ఇవ్వాళ్టితో వదిలిపోతుందనుకున్నాడు.

మెలకువ వచ్చేసరికి వార్డు నిండా జనం.

రఘుపతి మంచివాడని చెప్పాను కదా. నూతన దంపతులకు శుభాకాంక్షలు అని రాసి, రెండు గులాబీలు చేర్చి, ఆ ఫోటోను గని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మనసు నిండా ప్రేమతోనే పెట్టాడు. మధ్యాహ్నానికల్లా అది ఇటు బసంత్‌నగర్ దాకా, అటు కాసిపేట దాకా పోయింది. సమ్మవ్వ ఫోన్‌లో చూసి మొదట తన చీరను గుర్తుపట్టింది, తర్వాత కొడుకును గుర్తుపట్టింది. ముప్పై మూడేళ్ల కొడుకు పెళ్లి చేసుకోకపోతే మందు తాగి చస్తానని ఏడాది నుంచి బెదిరిస్తున్న ముసలామె, కులం అడగలేదు, దేవుణ్ని అడగలేదు. నాలుగు యాపిల్ పండ్లు పట్టుకుని ఆటోలో వచ్చేసింది.

"పాపం, పెండ్లి ముచ్చటన్న తీరకముందే సంచి తీసిరి," అంటున్నారు చుట్టూ చేరిన ఆడవాళ్లు.

"జుట్టుకేమైందే, గట్ల పొట్టిగున్నది?"

"వేములవాడ మొక్కు," అంది సమ్మవ్వ టక్కున. ఎవరూ నేర్పలేదు ఆమెకు. కోడలి మీద ఈగ వాలనివ్వని అత్త గొంతు అది. "నా కొడుకు కోసం తలనీలాలిచ్చింది. మీకేందే బాధ?"

యేసుబాబు ఛాతీ తడుముకున్నాడు. పట్టీ లేదు. ఆయమ్మ విప్పి పారేసింది. ఒంటి మీద పువ్వుల నైటీ ఉంది. అది తొడిగింది ఎవరా అని చూస్తే, కాళ్ల దగ్గర తల్లి కూర్చుని ఉంది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"నా మొర దేవుడు ఆలకించిండు బిడ్డా. నాకొక్క మాట చెప్తే నేనే సంతకం పెట్టకపోదునా? సంచి పోతే పోయింది తియ్. నీకో తోడు దొరికిండు."

యేసుబాబు నోరు తెరిచాడు. గొంతులో గొట్టం పెట్టి తీసినందుకు మాట రాలేదు. వస్తే మాత్రం? ఆ ముసలి ముఖం మీద ఇరవై యేళ్లుగా లేని వెలుగును ఏ మాటతో ఆర్పేవాడు? చొక్కా అంచులు నలుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డ ముగ్గురు కుర్ర కార్మికులు, రోజూ అతని చేతి దీపం తీసుకునేవాళ్లు, అక్కణ్నుంచే అన్నారు, "పైలం వదినా."

ఇంటికొచ్చేసరికి ఉపేందర్ బట్టల సంచి క్వార్టరులో ఉంది. అల్లుడు వేరే చోట ఉంటే నలుగురూ ఏమనుకుంటారని సువార్తే రమ్మంది. ఉపేందర్‌ను తిట్టిపోయడానికి కూడా వీల్లేకుండా చేశాడు ఉపేందర్. గంజి కాచాడు, కుట్ల మీది పట్టీ మార్చాడు, వేడినీళ్లు పెట్టాడు, చాప వేసుకుని వంటింట్లో పడుకున్నాడు. నెల రోజులు చూసి యేసుబాబు అడిగాడు.

"ఇగ చెప్పేద్దాంరా."

"ఎవలకు? ఏమని?"

"అబద్ధమని."

ఉపేందర్ గిన్నె తోమడం ఆపాడు. "మా అవ్వ మందు డబ్బ బయట పారేసింది, తెల్సా? ఇన్నేండ్లకు నేను ఇంట్ల నిమ్మళంగ అన్నం తింటున్న. ఎవడు నన్ను అడుగుతలేడు, ఎందుకు చేసుకుంటలేవని. నీకు నేనేం అడ్డమొస్తున్నరా? నా మానాన నేను వంటింట్ల పండుకుంటున్న. గింతన్న ఉండనియ్యవా నన్ను?"

"నన్ను వదినా అంటుండ్రురా."

"అంటే అననియ్. ఒంటికేమన్న అంటుకుంటదా?"

అంటుకుంటుంది. అన్నవాడికి తెలియదు, పడేవాడికి తెలుసు. యేసుబాబుకు ఆ క్షణాన స్నేహితుడి మెడ పిసికేయాలనిపించింది. ఆ మెడ కూడా తన మెడలాంటిదేనని తెలుసు కాబట్టి ఏం చేయలేకపోయాడు.

సిక్ లీవు అయిపోయే ముందు రోజు చొక్కా ప్యాంటు వేసుకుని, కొత్త పట్టీ ఛాతీకి బిగించి గని ఆఫీసుకు పోయాడు. కడుపులో నొప్పి లేదు. ఒంట్లోకి రక్తం పట్టింది. నడుస్తుంటే ఒళ్లు తేలికగా ఉంది, అందుకు అతనికి సంతోషంగానే ఉంది కూడా. ఇక మిగిలింది ఒక్క పేరు.

"రఘుపతీ, నా బుక్కుల ఉపేందర్ పేరు తీసెయ్యాలె."

రఘుపతి కిలకిలా నవ్వాడు. "అప్పుడే లొల్లి పెట్టుకున్నరా వదినా? మొగుడు పెండ్లాలన్నంక ఉంటయి. పేరు తియ్యాలంటే కోర్టు నుంచి విడాకుల కాగితం తేవాలె, గంత తేలికనా?"

"పెండ్లే కాలేదు. కాని పెండ్లికి విడాకులేంది?"

రఘుపతి నవ్వు ఆగిపోయింది. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఆ మాట ఇంకొక్కసారి నోట్లెకెళ్లి రానియ్యకు. పెండ్లి కాలేదంటే నువ్విచ్చింది దొంగ కాగితం. దొంగ కాగితమిచ్చి ఆపరేషన్ చేయించుకున్నరని ఇద్దరికి ఛార్జిషీటు ఇస్తరు. నీ నౌకరి పోతది, ఉపేందరన్నది పోతది, రిజిస్టర్ కాగితం లేకుంటనే పేరు ఎక్కిచ్చినందుకు నాది గూడ పోతది. నాకిద్దరు పిల్లలు."

"మరి విడాకులే తెస్త."

"ఏ పెండ్లికి? యాడ అయింది, ఎప్పుడయిందని కోర్టోళ్లు అడుగరా?"

యేసుబాబు ఎదురుగా ఉన్న బల్లను పట్టుకున్నాడు. అయిందంటే తెంచుకోవడానికి వీల్లేదు. కాలేదంటే బతకడానికి వీల్లేదు. అరవాలనిపించింది. ఆ గదిలో అరిస్తే వచ్చేది ఎవరు, వదినకేదో అయిందని పరిగెత్తుకొచ్చే మరుదులే కదా.

అతని ముఖం చూసి రఘుపతికి జాలేసింది. చెప్పాను కదా, మంచివాడు. సొరుగు లాగి ఒక కాగితం తీశాడు.

"ఫికర్ చెయ్యకు. నువ్వొచ్చింది మంచిగైంది, నీకో మంచి ముచ్చట చెప్త. రేపటి సంది నీకు లాంపురూం లేదు. ఆపరేషనైన ఒళ్లు, పొద్దంత నిలబడుడు మంచిది గాదు, మగోళ్ల నడుమ ఆ కిటికీల కోడలు ఉండుడు అత్తకు గూడ ఇష్టం లేదని, మేనేజర్ సారుకు దరఖాస్తు వచ్చింది. సారు ఒప్పుకున్నడు. క్యాంటీన్ల ఆడోళ్లతోని కూసొని చేసే పని. నీడ పట్టున ఉంటవ్."

యేసుబాబు కాగితం తీసుకున్నాడు. నా భార్య సారికను అని మొదలైంది. చివరిదాకా చదివాడు. ఎక్కడా ఒక్క తప్పు లేదు, ఎక్కడా ఒక్క చెడ్డ మాట లేదు.

"నాకొద్దు," అన్నాడు. "నేనడగలే. నేను సంతకం పెట్ట."

రఘుపతి ఆ కాగితాన్ని మెల్లగా అతని చేతిలోంచి తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాడు.

"నీ సంతకం అక్కర లేదు వదినా," అన్నాడు ప్రేమగా. "అన్న పెట్టిండు గదా."